పబ్బులో బతికిన క్రిస్మస్ పాటలు

ఇంగ్లండులో షెఫీల్డ్ అనగానే చాకులు, కత్తెరలు, ఉక్కు గుర్తొస్తాయి. ఆ నగరం పొలిమేర దాటి వాయవ్యంగా కొండలెక్కితే డంగ్‌వర్త్, వర్రల్, స్టానింగ్టన్ లాంటి చిన్న ఊళ్లు వస్తాయి. రాతి ఇళ్లు, గొర్రెలు మేసే పచ్చిక, మధ్యలో ఓ పబ్బు. నవంబరు 11న యుద్ధాల్లో పోయినవాళ్లను తలుచుకునే దినం ఉంటుంది. అది అయ్యాక వచ్చే ఆదివారం మొదలు క్రిస్మస్ మర్నాటిదాకా ఆ చుట్టుపక్కల పబ్బుల్లో వారం వారం క్రిస్మస్ పాటలు పాడటం ఆనవాయితీ. డంగ్‌వర్త్‌లోని రాయల్ హోటల్‌కు ఇందులో బాగా పేరుంది. పేరుకు హోటలే గానీ అదీ పబ్బే.

పాడేది కొయిర్ కాదు. స్టేజీ లేదు, టికెట్టు లేదు, చెయ్యి ఊపుతూ నడిపించే మాస్టారు లేడు. మూలన ఒక ఆర్గన్, దాని ముందు ఒక మనిషి. మిగతా జనమంతా మధ్యాహ్నం పన్నెండు కాకముందే వచ్చి, చేతిలో బీరు గ్లాసుతో, భుజానికి భుజం రాసుకుంటూ నిలబడతారు. పాట అందుకోగానే కొందరు అసలు బాణీ పాడతారు, కొందరు దాని కింద మంద్రంలో ఇంకో వరస అందుకుంటారు, ఇంకొందరు పైన తారస్థాయిలో ఎగురుతారు. ఎవరి వరస వాళ్లకు తెలుసు. అమ్మానాన్నల పక్కన నిలబడి నేర్చుకున్నదే తప్ప, చాలామందికి ఇది సంగీతం క్లాసులో వచ్చింది కాదు.

ఇక్కడ పాడే పాటల్లో రేడియోలో వినపడేవి చాలా తక్కువ. తమాషా ఏమిటంటే, మాటలు చాలావరకు తెలిసినవే. రాత్రివేళ పొలంలో మందను కాచుకుంటున్న గొర్రెల కాపరులకు దేవదూత కనిపించి శుభవార్త చెప్పే పాట ఉంది కదా, ‘వైల్ షెపర్డ్స్ వాచ్డ్’, దాన్ని రేడియోలో ఎన్నిసార్లు వేసినా దాదాపు ఒకే బాణీలో వేస్తారు. ఈ కొండల్లో అదే పాటను డజనుకు పైగా బాణీల్లో పాడతారు. ఒకే మధ్యాహ్నం మూడు నాలుగుసార్లు పాడినా ఎవరికీ విసుగు రాదు, ఎందుకంటే ప్రతిసారీ అది వేరే పాట.

ఇన్ని బాణీలు ఎలా పుట్టాయన్నది మూడున్నర శతాబ్దాలకు పైగా వెనక్కి వెళితే గానీ తెలియదు.

1640ల్లో ఇంగ్లండు, రాజును ఓడించిన ప్యూరిటన్లు అనే ఛాందస ప్రొటెస్టెంట్ల చేతికి వచ్చింది. క్రిస్మస్ అనే పండుగ బైబిల్లో ఎక్కడా లేదని, తిండీ తాగుడూ తప్ప అందులో భక్తి ఏముందని వాళ్ల వాదన. 1647లో పార్లమెంటు ఆ పండుగనే రద్దు చేసింది. 1660లో రాజరికం తిరిగొచ్చాక పండుగా తిరిగొచ్చింది గానీ చర్చిలో పాటల సంగతి వేరు. ఆంగ్లికన్ ఆరాధనలో పాడాల్సింది బైబిల్లోని కీర్తనల గ్రంథమే, అదీ ఛందస్సులోకి మార్చిన రూపంలో. మనుషులు సొంతంగా అల్లిన పాటలకు చోటు లేదు. జనం వీధుల్లో, ఇళ్లలో పాడుకునే కేరల్స్ సంగతి ఇక చెప్పనే అక్కర్లేదు.

1700లో ఆ కట్టడికి ఓ చిన్న కిటికీ తెరుచుకుంది. నేహమ్ టేట్ అనే ఆస్థానకవి, నికొలస్ బ్రేడీ అనే ఫాదర్ కలిసి నాలుగేళ్ల ముందు కీర్తనల గ్రంథానికి కొత్త ఛందోరూపం తెచ్చారు. దానికి అనుబంధంగా వేసిన చిన్న పుస్తకంలో కొన్ని అదనపు పాటలు చేర్చారు. లూకా సువార్త రెండో అధ్యాయాన్ని ఉన్నదున్నట్టు పద్యంలో పెట్టిన గొర్రెల కాపరుల పాట అందులోదే. అది టేట్ రాసిందంటారు. (షేక్స్‌పియర్ ‘కింగ్ లియర్’ విషాదాన్ని తట్టుకోలేక 1681లో దాన్ని తిరగరాసి, లియర్ కూతురు కార్డీలియాను బతికించి, పెళ్లి కూడా చేసిన మహానుభావుడు ఈ టేటే. ఆ సుఖాంతం నూటయాభై ఏళ్లకు పైగా ఇంగ్లీషు రంగస్థలం మీద ఆడింది.) బైబిలు మాటనే చెబుతోంది కాబట్టి దీనికి అభ్యంతరం రాలేదు. 18వ శతాబ్దంలో చాలాకాలం ఆంగ్లికన్ చర్చిలో అధికారికంగా పాడనిచ్చిన క్రిస్మస్ పాట ఇదొక్కటే.

ఇప్పుడు ఆ రోజుల్లో ఒక పల్లెటూరి చర్చి పాటగాళ్ల స్థానంలో నిలబడి చూడండి. ఏటా క్రిస్మస్ వస్తుంది. ఏటా కొత్తగా ఏదో పాడాలి, పక్క ఊరివాళ్లకన్నా గొప్పగా పాడాలి. పాట మార్చడానికి వీల్లేదు. మార్చగలిగింది బాణీ ఒక్కటే.

ఆ పాట ఛందస్సు అందుకు బాగా కలిసొచ్చింది. ఇంగ్లీషు కీర్తనల్లో ‘కామన్ మీటర్’ అని ఓ కొలత ఉంది. మొదటి పాదంలో పలికే అక్షరాలు ఎనిమిది, రెండో పాదంలో ఆరు, మళ్లీ ఎనిమిది, మళ్లీ ఆరు. ఈ కొలతకు కట్టిన బాణీ ఏదైనా ఈ కొలతలో రాసిన పాట దేనికైనా అతుకుతుంది. ఒకే ఆటవెలదిని ఒకరు మోహనలో, మరొకరు కల్యాణిలో ఎత్తుకున్నట్టే అన్నమాట. అందుకే అక్కడ బాణీకి పాటతో సంబంధం లేకుండా సొంత పేరు ఉంటుంది. క్రాన్‌బ్రుక్, లివర్‌పూల్, పెంటన్‌విల్, మాలిన్ బ్రిడ్జ్ అంటూ చాలావరకు ఊర్ల పేర్లే పెట్టారు.

ఆ బాణీలు కట్టింది ఎవరు? పేరుమోసిన సంగీత విద్వాంసులు కాదు. పల్లె చర్చిల్లో పడమటి గోడకు ఆనించి చెక్కతో ఓ అటక లాంటి గ్యాలరీ కట్టేవారు. పాటగాళ్లు, వాయిద్యగాళ్లు దాని మీద కూర్చునేవారు. ఫిడేలు, క్లారినెట్, బస్సూన్, చెల్లో, ఊళ్లో ఎవరి దగ్గర ఏది ఉంటే అది. వాళ్లు నేతగాళ్లు, కమ్మర్లు, చెప్పులు కుట్టేవాళ్లు. ఊరూరా తిరిగి పాట నేర్పే మాస్టర్లు వచ్చి కొన్ని వారాలు స్వరాలు చదవడం నేర్పి వెళ్లేవారు. అలా నేర్చుకున్నవాళ్లలో చురుకైనవాళ్లు తామే బాణీలు కట్టడం మొదలుపెట్టారు. షెఫీల్డ్‌లో జాన్ హాల్ అనే కమ్మరి ఉండేవాడు, 1794లో పోయాడు. అతనూ బాణీలు కట్టాడు. ఆ దగ్గర్లోని హై గ్రీన్‌కు చెందిన జాన్ ఫాస్టర్ కట్టిన బాణీని ఇప్పటికీ ‘ఓల్డ్ ఫాస్టర్’ అనే పిలుస్తారు. షెఫీల్డ్ ఉన్న యార్క్‌షైర్ ప్రాంతం వాళ్లకు హాండెల్ స్వరపరిచిన ‘మెస్సయా’ బృందగానం అంటే పిచ్చి. ఫాస్టర్ బాణీ వింటే ఆ పిచ్చి స్పష్టంగా తెలుస్తుంది: గొర్రెల కాపరుల చిన్న కథను పట్టుకుని పెద్ద ఆర్కెస్ట్రా కచేరీ హంగు చేస్తుంది.

వీటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైంది క్రాన్‌బ్రుక్. దీన్ని కట్టింది షెఫీల్డ్ మనిషి కాదు, ఎక్కడో దక్షిణాన క్యాంటర్‌బరీలో చెప్పులు కుట్టుకునే థామస్ క్లార్క్. 1805లో అచ్చయింది. మొదటి మూడు పాదాలు చకచకా నడిచిపోతాయి. నాలుగో పాదం దగ్గరికొచ్చేసరికి బాణీ ఊరుకోదు. ఆ ఆరు అక్షరాలనే పట్టుకుని మూడుసార్లు తిప్పుతుంది. పై గొంతులు ఆగినచోట కింది గొంతులు అందుకుంటాయి, ఒకరిని ఒకరు తరుముతున్నట్టు ఉంటుంది. దేవుడి మహిమ చుట్టూ వెలిగిందని చెప్పే ఆ పాదాన్ని పబ్బు మొత్తం మూడుసార్లు ఎత్తుకుంటే, ఆ వెలుగు ఒక్కసారి చెబితే సరిపోయేది కాదనిపిస్తుంది.

ఇంగ్లండులో చాలామంది ఈ బాణీ వినగానే నవ్వేస్తారు. కారణం, తర్వాతి కాలంలో యార్క్‌షైర్ యాసలో దీనికి కట్టిన హాస్యపాట. టోపీ లేకుండా ఇల్క్‌లీ బీడుకు వెళ్లి అమ్మాయితో తిరిగిన కుర్రాడికి జలుబు చేస్తుంది, చస్తాడు, పాతిపెడతారు, పురుగులు తింటాయి, పురుగుల్ని బాతులు తింటాయి, బాతుల్ని మనం తింటాం, అలా వాడు చివరికి మన కడుపులోకే వస్తాడు. ఆ ప్రాంతానికి అది జాతీయగీతం లాంటిది. క్లార్క్ భక్తితో కట్టిన బాణీకి దొరికిన అతిపెద్ద ప్రచారం అదే. క్రిస్మస్ పాటే ఆ హాస్యపాట నుంచి ఈ బాణీని అరువు తెచ్చుకుందని అనుకునేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు.

19వ శతాబ్దంలో గాలి మారింది. 1833లో మొదలైన ఆక్స్‌ఫర్డ్ ఉద్యమం చర్చిలో గంభీరత, పద్ధతి, శుభ్రత కావాలంది. అటక మీద కూర్చున్న పాటగాళ్లు ఫాదర్ల కంటికి ఆనలేదు. వాళ్ల బాణీల్లో ఒక గొంతు ఒక మాట అంటుంటే ఇంకో గొంతు ఇంకో మాట అంటుంది, భక్తులకు అర్థం తెలియదు. పైగా వాళ్లకు తలపొగరు ఎక్కువ, ఫాదర్ మాట వినరు. ఈ ఫిర్యాదుల్లో నిజం లేకపోలేదు. అటకలు కూల్చారు, ఆర్గన్లు, హార్మోనియంలు తెచ్చారు, తెల్ల అంగీలు తొడిగిన పిల్లల కొయిర్‌ను ముందువైపు కూర్చోబెట్టారు. థామస్ హార్డీ 1872 నాటి నవల ‘అండర్ ది గ్రీన్‌వుడ్ ట్రీ’ సగం కథ ఇదే. ఆర్గన్ వాయించే అమ్మాయి రావడంతో ఊరి వాయిద్యగాళ్లు బయటికి నడవాల్సి వస్తుంది. హార్డీ తండ్రి, తాత అలాంటి బృందంలో వాయించినవాళ్లే కాబట్టి అతనికి ఆ నొప్పి తెలుసు.

1861లో ‘హిమ్స్ ఏన్షెంట్ అండ్ మోడర్న్’ అనే పుస్తకం వచ్చి దేశమంతా పాకింది. అందులో గొర్రెల కాపరుల పాటకు 1592 నాటి ‘వించెస్టర్ ఓల్డ్’ బాణీని జతచేశారు. ఆ బాణీలో తప్పు పట్టడానికేమీ లేదు. నాకు మాత్రం నీరసంగా ఉంటుంది. ఏమైతేనేం, ఆ పాటకు అదే శాశ్వతమైంది. రేడియోలో మనం వినేది అదే.

చర్చి వద్దన్నాక ఆ పాటగాళ్లు ఏం చేశారు? చాలాచోట్ల ఊరుకున్నారు, పాటలూ పోయాయి. షెఫీల్డ్ కొండల్లో పోలేదు. అక్కడ ఆంగ్లికన్ చర్చి నుంచి వేరైన మెథడిస్టు శాఖ ప్రార్థనాలయాలు బలంగా ఉండేవి, వాటిలో ఈ బాణీలకు ఇంకొన్నాళ్లు చోటు దొరికింది. క్రిస్మస్‌కు ఇంటింటికీ తిరిగి పాడే అలవాటూ ఉంది. అలా తిరిగి తిరిగి చలికి చేరే చోటు పబ్బు. తాగుడు తప్పు అని బోధించే మెథడిస్టు చాపెల్లోనూ, ఎదురుగా ఉన్న పబ్బులోనూ అవే పాటలు. పోస్టు పెట్టి, జీతమిచ్చి పాడించే వ్యవస్థ కాదు గనక తీసెయ్యడానికి పబ్బులో ఎవరూ లేరు. పాడాలనుకున్నవాడు పాడతాడు.

అయితే పాటలు అలాగే గడ్డకట్టి ఉండిపోలేదు. రెజినాల్డ్ స్పాఫర్త్ రాసిన ‘హెయిల్ స్మైలింగ్ మార్న్’ తెల్లవారడం గురించిన మామూలు బృందగానం. అందులో క్రీస్తు లేడు, క్రిస్మస్ లేదు. ఎలా చేరిందో చేరింది, ఇప్పుడది లేకుండా అక్కడ క్రిస్మస్ గడవదు. మినా డైసన్ అనే ఆవిడ 1950 ప్రాంతంలో ‘స్టానింగ్టన్’ అని కొత్త బాణీ కట్టింది. కొన్నేళ్లలోనే అదీ పాతవాటి పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. ఒక పబ్బులో పాడేది పక్క పబ్బులో పాడరు, పాడినా ఒక చిన్న మలుపు తేడా ఉంటుంది. ఏది సరైందంటే ఎవరిది వాళ్లకు సరైంది.

చర్చి తర్వాత ఈ పాటలను పక్కనపెట్టింది జానపదాల సేకర్తలు. ఇది నాకు ఆశ్చర్యంగా ఉంటుంది. డేవీస్ గిల్బర్ట్ 1822లో, విలియం శాండిస్ 1833లో పాత కేరల్స్ పుస్తకాలు వేశారు. 1911లో సెసిల్ షార్ప్ వేశాడు. వీళ్లందరూ వెతికింది ఎవరు రాశారో తెలియని, నోటినుంచి నోటికి వచ్చిన, మధ్యయుగాల వాసన ఉన్న పాటలు. కమ్మరి కాగితం మీద స్వరాలు రాసి కట్టిన బాణీ వాళ్లకు జానపదంగా కనపడలేదు. చర్చివాళ్లకేమో అదే బాణీ మరీ మోటు. స్వరకర్త వాన్ విలియమ్స్ అంతటివాడు 20వ శతాబ్దం మొదట్లో డెర్బీషైర్‌లోని కాసిల్టన్ దాకా వచ్చాడు. షెఫీల్డ్‌కు అది పొరుగే, అక్కడా ఇలాంటి గ్రామగీతాలు ఉన్నాయి. ఆయన తీసుకెళ్లి ప్రసిద్ధం చేసింది ‘డౌన్ ఇన్ యాన్ ఫారెస్ట్’ అనే నిగూఢమైన ప్రాచీనగీతాన్ని. గొప్ప పాటే, కాదనను. కానీ ఆయన సంపాదకుల్లో ఒకడిగా 1928లో వచ్చిన ‘ఆక్స్‌ఫర్డ్ బుక్ ఆఫ్ కేరల్స్’ ఏది కేరల్, ఏది కాదు అన్నదానికి కొలబద్ద అయి కూర్చుంది.

అదే 1928లో కేంబ్రిడ్జిలోని కింగ్స్ కాలేజీ చాపెల్ నుంచి క్రిస్మస్ ముందురోజు జరిగే పాఠాలు, పాటల ఆరాధనను బీబీసీ మొదటిసారి ప్రసారం చేసింది. 1918లో మొదలైన ఆ ఆరాధన 1930లో ఒక్కసారి తప్ప ఏటా రేడియోలో వస్తూనే ఉంది. ఎత్తైన రాతి కప్పు కింద ఒక్క పిల్లవాడి గొంతు ప్రతిధ్వనించడం, క్రిస్మస్ అంటే ఇలా వినిపించాలి అని జనం చెవుల్లో స్థిరపడింది. దాని పక్కన బీరు తాగి పాడే బొంగురు గొంతులు నిలబడతాయా? ఆ తర్వాత 1942లో బింగ్ క్రాస్బీ ‘వైట్ క్రిస్మస్’ వచ్చింది, రికార్డుల యుగం వచ్చింది. రేడియోకు కావలసింది మూడు నిమిషాల పాట, దానికో గాయకుడు, ఓ కంపెనీ, ఏటా ఒకేలా వినిపించే ఒకే ఒక్క రికార్డింగు. షెఫీల్డ్ పాటలకు ఇవేవీ లేవు. గాయకుడి పేరు ఏమని చెప్పాలి? ఎవరి వెర్షన్ వెయ్యాలి? రేడియో మీద కోపం తెచ్చుకునే పనేమీ లేదు. ఈ పాట వినేవాడి కోసం కట్టింది కాదు, పాడేవాడి కోసం కట్టింది. మైకు ముందు పెడితే సగం పోతుంది.

అయినా మైకు పట్టుకుని వెళ్లినవాడు ఒకడున్నాడు. ఇయాన్ రస్సెల్ 1969 నుంచి ఈ పబ్బుల్లో పాటలు రికార్డు చేయడం, ఏ బాణీ ఎక్కణ్నుంచి వచ్చిందో ఆరా తీయడం పెట్టుకున్నాడు. 1970ల్లో ఎల్‌పీ వచ్చింది, తర్వాత క్యాసెట్లు, సీడీలు, స్వరాలతో సహా పాటల పుస్తకాలు. 1994లో షెఫీల్డ్ దగ్గరి గ్రెనోసైడ్‌లో గ్రామ కేరల్స్ ఉత్సవం మొదలుపెట్టాడు. అక్కడికి షెఫీల్డ్ వాళ్లే కాదు, వేరే ప్రాంతాల్లో ఇలాంటి పాటలు మిగిలిన ఊళ్లవాళ్లూ వస్తారు. అటక మీద నుంచి దిగిపోయిన సంగీతం అక్కడక్కడ బతికే ఉందని, ఒక ఊరికి తెలియకుండా మరో ఊరు దాన్ని కాపాడుకుందని ఈ పనివల్ల బయటపడింది.

ఇంగ్లండు బయట కూడా. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలో గ్లెన్ రాక్ అనే ఊరుంది. ఇంగ్లండు నుంచి అక్కడికి వలసవెళ్లిన కొద్దిమంది 1848 క్రిస్మస్ ముందురాత్రి తమ ఊరి పాటలు పాడుతూ వీధుల్లో తిరిగారు. ఆ ఊరివాళ్లు ఇప్పటికీ పొడుగు కోట్లు, ఎత్తు టోపీలు వేసుకుని అర్ధరాత్రి నుంచి తెల్లవారేదాకా తిరుగుతారు.

ఈ పాటలను మైకుకు కాస్త దగ్గర చేసిన ఇంకొకరు కేట్ రస్బీ. షెఫీల్డ్‌కు దగ్గర్లోని బార్న్‌స్లీ ప్రాంతపు జానపద గాయని. చిన్నప్పుడు అమ్మానాన్నలు పబ్బు పెద్దగదిలో నిలబడి పాడుతుంటే, పిల్లలం పక్కగదిలో కూల్‌డ్రింకులు తాగుతూ ఆ పాటలన్నీ తెలియకుండానే నేర్చేసుకున్నామని ఆమె చెబుతుంటుంది. 2008లో ‘స్వీట్ బెల్స్’, 2011లో ‘వైల్ మోర్టల్స్ స్లీప్’ ఆల్బములు చేసింది. ఏటా డిసెంబరులో బ్రాస్ బ్యాండుతో ఊరూరా కచేరీలు చేస్తుంది. ‘స్వీట్ బెల్స్’ ఏమిటనుకుంటున్నారు? మళ్లీ ఆ గొర్రెల కాపరుల పాటే, గంటల పల్లవి తగిలించిన మరో బాణీలో. మెత్తని గొంతు, శుభ్రమైన రికార్డింగు. అప్పుడప్పుడు రేడియోలో పలికినా పలుకుతుంది.

ఇంత పేరొచ్చాక డంగ్‌వర్త్‌కు కొత్త తలనొప్పి పట్టుకుంది. దూరాభారం నుంచి కార్లు వేసుకుని జనం దిగుతారు, ఫోనులో రికార్డు చేసుకుంటారు, ముప్ఫై ఏళ్లుగా ఒకే మూల నిలబడి మంద్రం పాడే మనిషికి నిలబడే చోటు దొరకదు. వచ్చినవాళ్లు పాడితే పరవాలేదు, వింటూ నిలబడితేనే ఇబ్బంది అని అక్కడివాళ్ల మాట. ఇంట్లో వినాలనుకునే మనకు ఆ బెడద లేదు. ముందు క్రాన్‌బ్రుక్ వినండి, కేట్ రస్బీ పాడింది దొరుకుతుంది. ఆ తర్వాత పబ్బులో రికార్డు చేసిన ‘ఓల్డ్ ఫాస్టర్’ వెతకండి. గ్లాసుల చప్పుడు, ఎవరో ముందే అందుకుని నాలుక కరుచుకోవడం, చివర్లో ఆర్గన్‌కన్నా జనం ఓ క్షణం ఆలస్యంగా ఆగడం, అన్నీ వినపడతాయి. స్టూడియోలో అవే మొదట తీసేసేవాళ్లు.